పన్నెండింటి గడి

మిగతా ఇళ్ళలో ఆడవాళ్ళు లేవగానే ఏం చేస్తారో గానీ, నేను మోకాళ్ళ మీద కూర్చుని పెంటికలు లెక్కపెడతాను. వరండా మూలన ఉన్న బోను కింద నుంచి ట్రే లాగి, పరిచిన కాగితం తీసేసే ముందు ఓసారి కళ్ళతోనే తూకం వేస్తాను. మామూలు రోజైతే రెండు గుప్పెళ్ళు ఉంటాయి, గుండ్రంగా, పొడిగా, మిరియాల కంటే కాస్త పెద్దవి. మొన్న అందులో సగమే ఉన్నాయి. నిన్న ఏడంటే ఏడు. ఇవాళ ట్రే లాగేసరికి కాగితం రాత్రి పరిచినట్టే తెల్లగా ఉంది. శుభ్రంగా ఉన్న కాగితాన్ని చూసి గుండె జారిపోవడం నాకదే మొదటిసారి.

మా కుందేలు పేరు గుమస్తా. కాగితం కనబడితే చాలు, ముందుకాళ్ళతో సర్ది, అంచులన్నీ కొరికి, పక్కన పడేసి ఇంకోటి అందుకుంటుంది. అందుకని మా అమ్మాయి చిట్టి దానికా పేరు పెట్టింది. చిట్టికి ఐదేళ్ళప్పుడు వచ్చింది, ఇప్పుడు పిల్లకి పదకొండు. కావాలని ఏడ్చింది పిల్ల, వెళ్ళి తెచ్చింది వాళ్ళ నాన్న, ఒళ్ళో పెట్టుకుని ఫోటో దిగింది ఇద్దరూ. పెంటికలు మాత్రం నా వంతుకొచ్చాయి. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, చీపురు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకే వచ్చాయి.

నిన్న సాయంత్రం అది మూలకి ముడుచుకుని పళ్ళు కొరుకుతుంటే తువ్వాల్లో చుట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. డాక్టరమ్మ దాని పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు వింది. "పేగుల్లో చప్పుడే లేదమ్మా, పని ఆపేశాయి" అంది. నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చి, ఒక పూట తిండి తనే సిరంజితో పట్టించి, ఇవాళ్టికని అదే తిండి పొడిగా ఎనిమిది పొట్లాలు ఇచ్చింది. పొద్దున ఆరు నుంచి మూడేసి గంటలకోసారి ఒక్కో పొట్లం గోరువెచ్చని నీళ్ళలో కలిపి, సూది లేని సిరంజితో బుగ్గ పక్క నుంచి కొద్దికొద్దిగా పట్టించాలి. మింగిందో లేదో చూసుకోవాలి. తర్వాత పొట్ట నిమరాలి. "రేపు సాయంత్రానికి పెంటికలు పడాలి. పడకపోతే నేనేం చెప్పలేను. కుందేళ్ళు నొప్పి బయటపడనివ్వవు. మనకి తెలిసేసరికే ఆలస్యమైపోతుంది. ఇంతకీ ఎవరు గమనించారు?" అని అడిగింది. నేనే అన్నాను. "బాగా కనిపెట్టారు" అంది. అంతే, ఆ స్టూలు మీద కూర్చుని నేను ఏడ్చేశాను. కుందేలు కోసం ఏడుస్తున్నాననుకుని ఆవిడ మంచినీళ్ళు ఇచ్చింది.

ఇంటికి రాగానే మా ఆయన చార్టు గీశారు. ఆయన సీసాల ఫ్యాక్టరీలో తనిఖీ ఉద్యోగి. గంటకోసారి సీసాలు చూసి గడిలో టిక్కు పెట్టాలి, ఖాళీ గడి కనబడితే పైవాళ్ళు ఊరుకోరు. పదిహేనేళ్ళుగా అదే పని చేసి చేసి, ఖాళీ గడి అంటే ఆయనకి ఒంటి మీద తేలు పాకినట్టు ఉంటుంది. మా ఇంట్లో నీళ్ళ ట్యాంకు కడగడానికో చార్టు, దుప్పట్లు మార్చడానికో చార్టు. స్కేలు పెట్టి, మూడు రంగుల్లో, చూడముచ్చటగా గీస్తారు. పని నాది, గడులు ఆయనవి. ఈసారి మాత్రం ఆయనకి వారపు సెలవు, నాకు డ్యూటీ. ఆరింటిదీ తొమ్మిదింటిదీ నేను పట్టించి వెళ్ళాలి, పన్నెండింటిదీ మూడింటిదీ ఆయన. ఎలా పట్టుకోవాలో, సిరంజి ఎక్కడ పెట్టాలో రెండుసార్లు చూపించాను. "నాకు చెప్తున్నావా? రోజుకి పదివేల సీసాలు చూసేవాణ్ణి" అన్నారు. హాల్లో టీవీ ముందు కూర్చున్న మా అత్తయ్య, "నా మోకాళ్ళకి నూనె రాసే దిక్కు లేదు గానీ కుందేలు పొట్టకి మాలీషట" అని టీవీకే చెప్పుకుంది.

నేను కళ్ళజోళ్ళ షాపులో వెనక గదిలో అద్దాలు ఫ్రేముకి సరిపోయేలా అరగదీస్తాను. ఎందుకైనా మంచిది, ఇంటికెళ్ళి ఓసారి చూసొద్దామని వెళ్ళగానే మేనేజరుని మధ్యాహ్నం ఒక్క గంట పర్మిషన్ అడిగాను. ఎందుకంటే చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "కుందేలుకి ఒంట్లో బాలేదా? రేపు చేపకి జలుబు చేసిందంటావు, ఎల్లుండి బల్లికి తలనొప్పంటావు" అన్నాడు. కౌంటర్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్ళ నవ్వు కంటే నా నవ్వే నాకు ఎక్కువ మండింది. నాకు ఆపరేషనైన తొమ్మిదో రోజున పొట్ట చేత్తో పట్టుకుని ఇదే బల్ల ముందుకొచ్చి కూర్చున్నప్పుడు కూడా "అబ్బే, బాగానే ఉన్నానండీ" అని నవ్విందాన్ని. నొప్పి దాచుకోవడం కుందేలుకి ఒకరు నేర్పక్కర్లేదు గానీ నాకీ విద్య ఎవరు నేర్పారో గుర్తులేదు.

పర్మిషన్ ఎలాగూ రాలేదు, పన్నెండుంబావుకి ఇంటికి ఫోన్ చేశాను. "పట్టించారా?"

"ఆఁ ఆఁ, చూసుకుంటున్నా. నీ పని నువ్వు చూసుకో."

"మింగిందా?"

"ఎన్ని ప్రశ్నలే బాబూ!" అని పెట్టేశారు. ఆ చిరాకులో ఒక అద్దం అంచు విరగ్గొట్టాను. మూడు దాటాక మళ్ళీ చేద్దామనుకునేలోపే ఫోన్‌కి చార్టు ఫోటో వచ్చింది. ఆరింటి గడిలో, తొమ్మిదింటి గడిలో నా పెన్సిల్ గీతలు. పన్నెండింటి గడిలో, మూడింటి గడిలో ఆకుపచ్చ ఇంకుతో రెండు టిక్కులు. పక్కన పెంటికల గడిలో సున్నా, సున్నా. కింద "ఇప్పటికైనా నమ్ముతావా?" అని రాశారు. నిజం చెప్పొద్దూ, సిగ్గేసింది. మనిషిని ఊరికే అనుమానించానే, పాపం ఒక్కడే కూర్చుని తంటాలు పడుంటాడే అనుకున్నాను. థాంక్స్ అని పంపాను.

నాలుగుంబావుకి ఇంటికొచ్చాను. చెప్పులు కూడా విప్పకుండా బోను దగ్గరికెళ్ళాను. గుమస్తా చెవులు చల్లగా ఉన్నాయి. తల ఎత్తలేదు. ట్రేలో కాగితం తెల్లగానే ఉంది. వెంటనే లోపలికొచ్చి డాక్టరమ్మకి ఫోన్ చేశాను.

"పొద్దుట్నుంచి ఎన్నిసార్లు పట్టించారు?"

చార్టు ఫ్రిజ్ తలుపు మీద నా ఎదురుగానే ఉంది. "నాలుగుసార్లండీ. ఆరు, తొమ్మిది, పన్నెండు, మూడు."

"మొత్తం లోపలికి వెళ్ళిందా?"

మా ఆయన ఫ్రిజ్ పక్కనే నిలబడి ఉన్నారు. ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి, "మొత్తం మింగిందా?" అని అడిగాను. తల ఊపారు. ఊపారో, మెడ సవరించుకున్నారో గానీ నాకు ఊపినట్టే కనబడింది. "వెళ్ళిందండీ" అన్నాను.

"అంత లోపలికి వెళ్ళి ఒక్కటీ బయటికి రాలేదంటే ఎక్కడో అడ్డం పడిందమ్మా. ఇక చుక్క కూడా పట్టించకండి, పేగు పగులుతుంది. తీసుకొచ్చేయండి. చూస్తాను గానీ ఆపరేషన్ తట్టుకునే ఓపిక దానికి లేదు. నొప్పి తెలియకుండా పంపించేయడమే మంచిది. పాపకి ముందే చెప్పి తీసుకురండి."

అప్పుడే చిట్టి బడి నుంచి వచ్చింది. ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాను. పిల్ల ఏడవలేదు. బ్యాగు భుజాన్నుంచి తియ్యకుండా అలాగే వెళ్ళి బోను ముందు కూర్చుని గుమస్తా ముక్కు మీద వేలు పెట్టింది. "పోనీలే, దాని ఆయుష్షు అంతే" అంది అత్తయ్య. మా ఆయన చిట్టి తల మీద చెయ్యేసి, "మనం చెయ్యగలిగిందంతా చేశాం కదా తల్లీ" అన్నారు.

నేను తువ్వాలు మడిచి బుట్టలో పరిచాను. మిగిలిన పొట్లాలు డాక్టరమ్మకి ఇచ్చేస్తే ఇంకో కుందేలుకైనా పనికొస్తాయని డబ్బా తీశాను. నాలుగుండాలి. ఆరున్నాయి. మళ్ళీ లెక్కపెట్టాను, ఆరే. చెత్తబుట్ట కుమ్మరించాను. చించిన పొట్లాలు రెండు, పొద్దున నేను చించినవే. సింకు దగ్గర సిరంజి నేను తొమ్మిదింటికి కడిగి బోర్లించినచోటే బోర్లించి ఉంది.

వంటింట్లో నిలబడి ఆయన్ని పిలిచాను. వచ్చారు. ఆరు పొట్లాలూ గట్టు మీద వరసగా పేర్చి చూపించాను.

"అదీ... పన్నెండింటికి పట్టుకున్నానే. మొహం తిప్పేసుకుంది. కాసేపాగి చూద్దామనుకున్నా, ఫోనొచ్చింది."

"మరి టిక్కు?"

"మర్చిపోతానేమోనని అవి పొద్దున్నే పెట్టేశా. ఖాళీగా ఉంటే బాగుండదు కదా."

"ఇందాక నేను డాక్టరుతో మాట్లాడుతుంటే పక్కనే ఉన్నారు. మొత్తం మింగిందా అని అడిగాను."

"నేను అవునన్నానా?"

నాకు మండింది ఆయన మర్చిపోయినందుకు కాదు. మనిషన్నాక మర్చిపోతాడు. డాక్టరమ్మ దాన్ని చంపేద్దాం అన్నది ఆయన విన్నారు. పిల్లకి నేనా మాట చెప్పడం విన్నారు. పిల్ల తల మీద చెయ్యి కూడా వేశారు. తను పట్టించలేదన్న ఒక్క ముక్క చెప్పడం కంటే అది చచ్చిపోవడమే తేలికనిపించింది ఆయనకి. పద్నాలుగేళ్ళు ఈ మనిషి పక్కన పడుకున్నాను.

ఆయన గొంతు తగ్గించారు. "చూడు, ఇప్పుడు ఫోన్ చేసి, రాయడంలో నువ్వే పొరపాటు పడ్డావని చెప్పెయ్. ఆవిడ నిన్నేమీ అనదు. నువ్వు చెప్తే నీకేం పోతుంది? చిట్టి వింటుంది, అమ్మ వింటుంది. నా పరువేం కాను?"

నాకేం పోతుంది? నిజమే, ఇన్నాళ్ళూ ఏం పోయిందని. ఆడపడుచు ఇంట్లో శుభకార్యానికి ఆయన బద్ధకించి రాకపోతే "ఆయనకి జ్వరం వదినా, నేనే వద్దన్నాను" అన్నాను. బడిలో టీచరు రమ్మన్నరోజు ఆయన మర్చిపోతే "నేనే చెప్పడం మర్చిపోయానండీ" అన్నాను. కరెంటు పోయి మూడు రోజులు చీకట్లో ఉంటే, బిల్లు కాగితం నేనే ఎక్కడో పారేశానని అత్తయ్య ముందు ఒప్పుకుని, ఆవిడ పెట్టిన చీవాట్లన్నీ తిన్నాను. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు, ఆయన కళ్ళతో ఒకసారి చూస్తే చాలు, అబద్ధం నా నోట్లోంచి తయారుగా వచ్చేది. ఊళ్ళో అందరి దృష్టిలో ఆయన ఒక్క గడి కూడా వదలని మనిషి, నేను అన్నీ మర్చిపోయే మనిషిని. ఆయన్ని అలా తయారుచేసింది ఆయన తల్లి ఒక్కతే కాదు. సగం పని నేను చేశాను.

ఫోన్ తీసుకుని హాల్లోకి వచ్చాను. చిట్టి గుమ్మం అవతల వరండాలో బోను ముందే ఉంది. అత్తయ్య కుర్చీలో ఉంది. స్పీకర్ ఆన్ చేశాను.

"డాక్టరుగారూ, నేనిందాక చెప్పింది తప్పు. పన్నెండింటికీ మూడింటికీ దానికేమీ పట్టించలేదు. పట్టించినట్టు మా ఆయన రాశారు. తొమ్మిది తర్వాత దాని పొట్టలోకి ఏమీ వెళ్ళలేదు."

అత్తయ్య టీవీ ఆపేసింది.

"అబ్బా, ముందే చెప్పాలి కదమ్మా!" అంది డాక్టరమ్మ. "ఇప్పుడు అడ్డం పడిందనుకోవడానికి లేదు. తీసుకురాకండి. ముందు వేడినీళ్ళ సీసా గుడ్డలో చుట్టి పక్కన పెట్టండి, ఒళ్ళు వెచ్చబడ్డాక సగం పొట్లం పట్టించండి. పొట్ట నిమురుతూ ఉండండి. ఎనిమిది దాకా నేనిక్కడే ఉంటాను."

చిట్టి కాళ్ళు చాపుకుని కూర్చుంది. వేడినీళ్ళ సీసాతో ఒళ్ళు వెచ్చబడ్డాక, తువ్వాల్లో చుట్టిన గుమస్తాని పిల్ల ఒళ్ళో పెట్టాను. మొదటి చుక్క మూతి పక్క నుంచి కారిపోయింది. రెండోదీ కారిపోయింది. చిట్టి ఊపిరి బిగబట్టి దాని గొంతు కేసే చూస్తోంది. మూడోసారి గొంతు దగ్గర బొచ్చు కదిలింది. "మింగిందమ్మా" అంది గుసగుసగా. సగం పొట్లం పట్టించడానికి నలభై నిమిషాలు పట్టింది. తర్వాత వంతులేసుకుని నిమిరాం. నా చేతులు తిమ్మిరెక్కితే చిట్టి, చిట్టివి నొప్పెడితే నేను. మధ్యలో ఒకసారి అది పూర్తిగా వాలిపోయింది, అయిపోయిందనుకున్నాను. నా ఏడుపు పిల్లకి కనబడకుండా దాచుకోలేదు. మా ఆయన వరండా గుమ్మం దాకా వచ్చి, నిలబడి, మళ్ళీ లోపలికి వెళ్ళారు. అలా మూడుసార్లు.

ఏడు దాటాక చిట్టి ఒక్కసారిగా అరిచింది. తువ్వాలు మీద నల్లగా ఒకటి. చిన్నది, వంకరది. చూస్తుండగానే ఇంకోటి, ఆ వెనకే ఇంకోటి. చిట్టి వాటిని అరచేతిలోకి తీసుకుని నాన్నమ్మకి చూపించడానికి పరిగెత్తింది. "ఛీ, కడుక్కో" అంటూనే ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసింది. డాక్టరమ్మకి చెప్తే, "గండం గడిచినట్టే. తొమ్మిదింటికి నిండు పొట్లం పట్టించండి" అంది. బోనులో దించితే గుమస్తా వణుకుతూనే కింద పరిచిన కాగితం అంచు అందుకుని, ఓ చిన్న ముక్క కొరికి వదిలేసింది.

అప్పుడొచ్చారు మా ఆయన. మొహం తేటపడింది. ముందుకి వంగి బోనులోకి చూసి, నవ్వుతూ, "చూశావా, ఏం కాలేదుగా. అనవసరంగా అందరి ముందూ రచ్చ చేశావ్" అన్నారు.

నేను జవాబు చెప్పేలోపు చిట్టి నా కొంగు పట్టుకుంది. వాళ్ళ నాన్న వైపు చూడకుండా నన్నే చూస్తోంది.

"అమ్మా, నేను ఒకటో క్లాసులో ఉన్నప్పుడు జ్వరం తగ్గట్లేదని ఆస్పత్రిలో పెట్టారు కదా. అంతకుముందు ఇంట్లో ఉన్నప్పుడు, మధ్యాహ్నాలు నువ్వు షాపుకి వెళ్ళేదానివి. నేను ఎప్పుడూ నిద్రలోనే ఉండేదాన్ని. నా మందు చార్టు కూడా నాన్నే రాశారా?"

ఛ, అవేం మాటలమ్మా, నాన్న నీకు అలా చేస్తారా అన్న జవాబు అలవాటుగా నాలుక చివరకొచ్చేసింది. ఆయన నా వైపు చూశారు, ఎప్పటి చూపే.

నేను చిట్టిని భుజాలు పట్టుకుని ఆయన వైపు తిప్పాను.

"నాన్ననే అడుగు" అన్నాను.