కామన్ ఏరియా

నరహరి "విశాలమైన హాలు" అన్నప్పుడల్లా గది ఒక మూర పొడుగవుతుంది. పొద్దున్నే అద్దం ముందు నిలబడి ఆ మాట అంటాడు. వెనకాల గోడ, పెద్దవాళ్ళకు దారి ఇచ్చినంత మర్యాదగా వెనక్కి జరుగుతుంది.

కానూరులో వాళ్ళది ఒకే గది. ఒక మూల పొయ్యి, ఇంకో మూల మంచం, కిటికీ పక్కన విమల కుట్టుమిషను. విమల చీరలకు ఫాల్స్ కుడుతుంది. పెళ్ళయిన కొత్తలో ఆమె మిషను దగ్గర, అతను మంచం మీద కూర్చుంటే ఇద్దరి మోకాళ్ళూ తగిలేవి. ఆ సంగతి ఇద్దరికీ గుర్తుంది. ఇద్దరూ దాన్ని ఇరుకు అనే అంటారు.

రియల్ ఎస్టేట్ ఏజెంటు లైసెన్సుకు కాగితాల పని తేలిక. ఫోటో, పాన్ కార్డు, చిరునామా రుజువు, రుసుము. అసలు పరీక్ష ఆ తర్వాత. అధికారి ఇంటికి వస్తాడు. అభ్యర్థి ఇవతలి గోడ దగ్గర నిలబడి పిలిస్తే అవతలి గోడ దగ్గరున్న మనిషికి వినపడకూడదు. వినపడితే ఇల్లు చిన్నదని, అభ్యర్థికి మాటలు రావని లెక్క.

ఇన్నాళ్ళూ నరహరి ఇంకొకరి లైసెన్సు కింద వెంచర్లు చూపించాడు. కారులో ముందు సీటు లైసెన్సున్న వాడిది. నరహరి వెనక, కస్టమర్ల పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ముళ్ళకంపల వైపు చెయ్యి చూపిస్తూ అక్కడ స్కూలు రాబోతోంది, ఇక్కడ ఆస్పత్రి రాబోతోంది అనేవాడు. ఒళ్ళో పిల్ల ఒకతె తల తిప్పి అడిగింది: "అంకుల్, నువ్వు కూడా రాబోతున్నావా?"

కారులో అందరూ నవ్వారు. నరహరి కూడా నవ్వాడు. ఆ సాయంత్రమే దరఖాస్తు పెట్టాడు.

ఇప్పుడు రోజూ సాధన చేస్తున్నాడు. "గాలీ వెలుతురూ ధారాళం" అంటే కిటికీ చిన్నదై దూరంగా వెళ్ళిపోతుంది. "అన్నిటికీ చేరువ" అంటే మంచం మలుపు తిరిగి కనపడకుండా పోతుంది.

"ఏవండీ, ఉప్పు డబ్బా కోసం ఇక ఆటో మాట్లాడుకోవాలేమో," అంటుంది విమల.

"లైసెన్సు రానీ. తర్వాత దగ్గరికి తెచ్చేద్దాం."

"తెచ్చే మాటలు కూడా నేర్పుతున్నారా ఆ లైసెన్సు వాళ్ళు?"

నరహరి ఆలోచిస్తాడు. నేర్పడం లేదు. ఆమె చూడకుండా "ఇరుకు" అని ఒకసారి మెల్లగా అని చూస్తాడు. గోడ కదలదు.

కొన్నాళ్ళకు మిషను చప్పుడు ఆలస్యంగా రావడం మొదలుపెడుతుంది. విమల పాదం ఆగిన తర్వాత కూడా చప్పుడు కాసేపు వస్తూనే ఉంటుంది. ఆమె జోకు అతనికి చేరి అతను నవ్వేసరికి ఆమె నవ్వడం మానేసి ఉంటుంది. కోపాలు కూడా అంతే. ఆమె తిట్టిన తిట్టు అతని దగ్గరికి వచ్చేసరికి ఆమె ప్రశాంతంగా బెండకాయలు తరుగుతూ కనిపిస్తుంది. ఇది బాగానే ఉందనిపిస్తుంది నరహరికి. "ప్రశాంత వాతావరణం" అని ఆ మాటను కూడా కలుపుకుంటాడు. గది ఆ రోజు పెరిగినంతగా మరే రోజూ పెరగదు.

అధికారి కొండలరావు వస్తూనే చెప్పులు విప్పి చేతిలో పట్టుకుంటాడు. మళ్ళీ ఈ గుమ్మం దాకా రావడం కుదరదని ఆయనకు తెలుసు. టేపు పరుచుకుంటూ బయల్దేరతాడు. మధ్యలో కూర్చుని క్యారేజీ విప్పి పెరుగన్నం తింటాడు. నరహరి పక్కన నిలబడి ఉంటాడు. చివరికి ఒక గోడ చేరతారు.

"ఏదీ, ఇక్కణ్ణించి ఆ చివరకి ఒకసారి పిలవండి."

"విమలా," అని పిలుస్తాడు నరహరి.

దూరంగా బొటనవేలంత విమల తల ఎత్తదు. కొండలరావు సంతృప్తిగా తల ఊపుతాడు. నరహరికి గుండె తేలికవుతుంది. ఆ తేలికకు సిగ్గుపడాలని కూడా తెలుసు. కానీ ఆ సిగ్గు ఎక్కడో గుమ్మం దగ్గర ఉండిపోయింది, వెళ్ళి తెచ్చుకునేంత వ్యవధి లేదు.

"అంతా బాగుంది గానీ, ఆ చివర కదిలేదేంటండీ?"

"మా ఆవిడండి."

"ఆవిణ్ణి కార్పెట్ ఏరియాలో వెయ్యలేనండి. మనిషున్న చోటు ఖాళీ కాదు గదా. తీసేస్తే కొలత తగ్గుద్ది. తగ్గితే మీకు లైసెన్సు లేదు."

"ఇంకో దారేం లేదాండీ?"

"గోడ అని రాయొచ్చు. గోడైతే రేపు కొన్నవాళ్ళు మేకులు కొట్టుకుంటారు మరి. లేదంటే కామన్ ఏరియా. మెట్లు, లిఫ్టు, వరండా ఉంటయ్యి చూడండి, అట్టా. అందరికీ తలా కాస్త పంచి కలిపేస్తాం. కొలతా పెరుగుద్ది."

మేకులు అనగానే నరహరి చెయ్యి అడ్డం పెడతాడు. భార్య మీద ప్రేమ ఉన్నవాడు చెప్పే మాటే తను చెబుతున్నానని అనుకుంటాడు.

"కామన్ ఏరియా రాయండి."

కొండలరావు ముద్ర వేసి, లైసెన్సు అతని మెడలో వేసి, చెప్పులు తొడుక్కుని పక్క గోడలోంచి వెళ్ళిపోతాడు. అప్పుడు విమల తల ఎత్తుతుంది. ఇందాకటి పిలుపు ఆమెకు ఇప్పుడే చేరింది. పెదాలు కదులుతాయి. నరహరి అక్కడే నిలబడి ఎదురుచూస్తాడు. చాలాసేపటికి గొంతు వస్తుంది.

"పిలిచారా? ఇక్కడే ఉన్నాను."

నరహరి ఆ హాలును ఫ్లాట్లుగా అమ్ముతాడు. అవి తొందరగానే నిండుతాయి. కొన్నవాళ్ళు తమ వాటాను వాడుకోవడానికి వస్తారు. విమల ఒడిలో వడియాలు ఎండబెడతారు. సాయంత్రం రిటైరయిన వాళ్ళు ఆమె ఎడమ భుజం పక్కన చేరి రాజకీయాలు మాట్లాడతారు. ఆమె కూనిరాగం తీయడం అందరికీ ఇబ్బందిగా ఉందని కమిటీ తీర్మానిస్తుంది. పండక్కి ఆమెకు లేత పసుపు రంగు వేయిస్తారు.

నరహరి వెతుక్కుంటూ వెళితే వాచ్‌మన్ ఆపుతాడు.

"ఏ ఫ్లాటండీ మీది?"

"ఫ్లాటు లేదు. ఏజెంటుని. ఆవిడ మా ఆవిడ."

"ఏజెంట్లయితే కస్టమర్ని ఎంటబెట్టుకు రావాలండి. ఒంటరిగా రానివ్వం."

కొత్తగా పెళ్ళయిన ఒక జంటను తీసుకుని మళ్ళీ వస్తాడు. దారంతా నోరు మూసుకునే నడుస్తాడు, ఆమె ఇంకా దూరం జరుగుతుందేమోనని. ఎట్టకేలకు మిషను ముందు నిలబడతాడు. ఇన్నాళ్ళూ ఆమె కుట్టింది చీర కాదు. నేల. నేల అంచు పొడుగునా ఫాల్ కుట్టుకుంటూ వచ్చింది.

"నార్త్ ఈస్ట్ పెరిగిందా అంకుల్?" అని అడుగుతాడు పెళ్ళికొడుకు.

విమల దారం పంటితో కొరుకుతుంది. లేచి, నేలను రెండు చేతులతో పట్టుకుని ఒకసారి దులుపుతుంది. గడ్డం కింద అదిమి పట్టుకుని మడత పెడుతుంది. హాలు, వాచ్‌మన్, వడియాలు, రిటైరయిన వాళ్ళ మాటలు, కొత్త జంట, అన్నీ చప్పుడు లేకుండా మడతల్లోకి వెళ్ళిపోతాయి. గుడ్డ కింద ఏమీ లేదు, చీకటి కూడా. ఇక ఒక్క మడత మిగులుతుంది. దాని మీద నరహరి ఉన్నాడు.

"కాస్త కాలు తియ్యండి," అంటుంది విమల.

నరహరి ఒక కాలు తీసి, పెట్టడానికి చోటు లేక గాల్లోనే ఉంచుతాడు. ఆమె రెండో కాలు వైపు చూస్తూ, గుడ్డ అంచు పట్టుకుని, ఓపిగ్గా నిలబడి ఉంటుంది.