శనివారం మాత్ర

శ్రీరంగమ్మను చంపింది నంద్యాల డాక్టరమ్మ. ఆళ్లగడ్డలో విత్తనాల అంగడి నడిపే వరదరాజులుకు ఈ విషయంలో రెండో మాట లేదు. ఆమె మొగుడు ఆయనే. ఆయనకు తెలియకుండా ఉంటుందా?

2008లో శ్రీరంగమ్మ వాకిట్లో జారి, చెయ్యి ఊని మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక డాక్టరమ్మ పరీక్షలు చేయించి, ఎముకలు గుల్లబారాయని చెప్పింది. అంతటితో ఊరుకుందా? కుర్చీ శ్రీరంగమ్మ వైపు తిప్పుకుంది.

"అమ్మా, రెండు దారులున్నాయి. వారానికొక మాత్ర, లేదంటే ఏడాదికొకసారి సెలైన్‌లో ఇంజెక్షన్. రెండింటిలో మంచీ ఉంది, చెడూ ఉంది. అన్నీ చెప్తాను. ఏది కావాలో మీరే చెప్పండి."

బోర్డు కట్టుకున్న డాక్టరు రోగిని వైద్యం అడుగుతోంది! అంగడికొచ్చిన రైతును ఏ విత్తనం కావాలని వరదరాజులు ఏనాడైనా అడిగాడా? చేతిలో పెట్టి పంపేవాడు.

శ్రీరంగమ్మ నోరు తెరిచింది. "సూదైతే..."

"సూదంటే భయం దానికి," అన్నాడాయన. "మాత్రే రాయండి మేడమ్. బస్సుకు పొద్దు పోతాంది."

పరగడుపున వేసుకోవాలి, గ్లాసు నిండా నీళ్లు తాగాలి, అరగంట వంగకూడదు, పడుకోకూడదు, గుండెల్లో మంట వస్తే ఆపేసి వెంటనే రావాలి అని డాక్టరమ్మ చెప్పుకుపోయింది. వరదరాజులు 'పరగడుపున' దాకా విన్నాడు. తెలివైనవాడికి అంతకు మించి అక్కర్లేదు.

"శనివారం ఏసుకో," అని బస్సులోనే తేల్చేశాడు. "ఎట్లా ఒక్కపొద్దే గదా నీకు."

"గ్లాసు నీళ్లు తాగల్లంట. పూజ గాకుండా నేను నీళ్లు ముట్టను గదా?"

"తీర్థం నీళ్లు గాదా ఏందీ?"

అలా ప్రతి శనివారం మూడు ఉద్ధరిణెల తీర్థంతో మాత్ర, వెంటనే అహోబిలం స్వామి పటం ముందు నేలకు తల ఆనించి మొక్కు. మూడో శనివారం ఆమె రొమ్ము పట్టుకుని కూర్చుంది.

"మంటగా ఉంది. ఆయమ్మ దగ్గరికి ఒగసారి పోదామా?"

"ఒక్కపొద్దు మంట అది. మజ్జిగ తాగు."

మళ్లీ ఆమె ఆ మాట ఎత్తలేదు. మందు బాగా పనిచేస్తోందని వరదరాజులు అంగడికొచ్చిన వాళ్లందరికీ చెప్పాడు. ఏడాది తిరక్కుండా ఆమె స్నానాల గదిలో జారింది. ఈసారి తుంటి విరిగింది. మూడు నెలలు మంచం మీద ఉండి, ఊపిరితిత్తులకు జబ్బు చేసి పోయింది.

కర్మలయ్యాక మరదలు పద్మావతి దేవుని గూడు సర్దుతుంటే పటం వెనక ఒక డబ్బా దొరికింది. నిండా మాత్రలు. మొదటి మూడు తప్ప అన్నీ ఉన్నాయి.

వరదరాజులు డబ్బాతో నంద్యాల వెళ్లి, డాక్టరమ్మ బల్ల మీద గుమ్మరించాడు. "చూడు నీ మందు! తినల్యాక దాచిపెట్టింది."

డాక్టరమ్మ చెదిరిన మాత్రలను దగ్గరికి కూడదీసింది. "ఆ రోజు ఆమె ఏదో చెప్పబోయారు. మీరు అందుకున్నారు. నేను ఆమెనే మళ్లీ అడగాల్సింది. అది నా తప్పు. కానీ మంట వచ్చినప్పుడు మీరైనా..."

తప్పు తనదేనని ఒప్పుకుంది. వరదరాజులు అంతవరకే విని లేచాడు. వినడం ఎక్కడ ఆపాలో ఆయనకు ముందునుంచీ తెలుసు.

ఇంటి గడపలో పద్మావతి అడిగింది. "ఏమనింది బావా?"

"తప్పు నాదే అనింది."

"అంతేనా? అక్క సూదే ఏయించుకోవాలనుకునింది. నాతో చెప్పింది."

"దానికి సూదంటే భయం."

"కాదు బావా. సూదైతే నిన్ను ఏడాదికి ఒక్కసారి అడుక్కుంటే సాలనింది."

వరదరాజులు చెప్పులు విడవడం ఆపి, మళ్లీ తొడుక్కున్నాడు.

"డాక్టరమ్మ ఒప్పుకుంది. అయిపాయ. ఇంగ ఆ మాట నా దగ్గర ఎవురూ ఎత్తొద్దు. నేనూ ఎత్తను."