రంధ్రమున్న పలక

ఆ రోజు ఇంట్లో నలుగురున్నారు. కిటికీ పక్కన పరుపు మీద ముసలావిడ సాకిన్, పిండి కలుపుతున్న కోడలు గుల్జినా, దగ్గుతో బడి మానేసిన మనవరాలు, పొయ్యి ముందు మోకాళ్ల మీద కూర్చుని బూడిద ఎత్తుతున్న బురుల్చా.

బురుల్చా వాళ్లకు చుట్టం కాదు. ఊరి బడిలో ఇరవై రెండేళ్లు పొయ్యిలు రాజేసింది. అక్కడ కరెంటు హీటర్లు వచ్చాక ఈ ఇంట్లో పనికి కుదిరింది. పొట్టి మనిషి. వేళ్ల గీతల్లోని మసి ఎంత తోమినా పోదు.

మంట ఆరాక వేడి పోకుండా పొగగొట్టానికి అడ్డంగా తోసే పోత ఇనప పలకకు వేలు పట్టేంత రంధ్రం ఉంటుంది. నిప్పుల విషపు గాలి అందులోంచి పైకి పోవాలి. ఆ రంధ్రాన్ని బురుల్చా బంకమట్టితో పూడ్చేది. ఆమె రాజేస్తే వెచ్చదనం తెల్లారేదాకా పోదని ఊళ్లో అనేవాళ్లు. ఆ మాట ఆమెకు ఇష్టం. నాలుగు రోజుల కిందట, నిప్పుల మీద నీలిమంట ఇంకా ఆడుతుండగానే పలక తోసేసింది. మధ్యాహ్నానికి సాకిన్ వాంతి చేసుకుని స్పృహ తప్పింది. బయట మంచులో పడుకోబెడితేగాని కళ్లు తెరవలేదు. తరవాత మట్టిని పొడిచి తీయబోతే పలక పగిలింది.

"బజారుకెళ్లి కొత్తది తెస్తాను," అంది బురుల్చా. అది బిగిస్తే రేపు కూడా పనికి రమ్మంటారేమోనని ఆశ.

గుల్జినా పిండి మీంచి తలెత్తలేదు. "నీ ఇష్టం అక్కా."

నరిన్ పట్నం బజారులో మురాతాలీ దుకాణం ముందు నిప్పు కదిపే ఊచలు, బూడిద పారలు, గొట్టం మలుపులు గోనె మీద పరిచి ఉన్నాయి. బురుల్చా పారలను ఎత్తి చూస్తూ చాలాసేపు నిలబడింది.

"ఏం కావాలక్కా?"

"పొగ పలక. రంధ్రం పెద్దగా ఉన్నది."

మురాతాలీ నవ్వాడు. "ఏంటి, కాకులక్కూడా చలి కాపిస్తావా? రంధ్రం పూడ్చుకోమని మా ఆవిడకి నేర్పింది నువ్వే కదా."

"ఆ మట్టి పీకేయమను."

"ఎందుకూ?"

"మా పక్కింట్లో ఎవరికో తల తిరిగిందట."

పలకను చంకలో పెట్టుకుని బస్సు దాకా నడిచింది. ఎక్కలేదు. వెనక్కి వచ్చింది. మురాతాలీ ఇద్దరు ఆడవాళ్లతో బేరంలో ఉన్నాడు. వాళ్ల ముందే, అతని బూట్ల వైపు చూస్తూ చెప్పింది.

"పక్కింట్లో కాదు. మా సాకిన్ అమ్మకే. పూడ్చింది నేనే. ఇవాళే పీకించు తమ్ముడూ."

ఎవరూ నవ్వలేదు. బస్సు ఊరు చేరేదాకా ఆమె చెవులు మండుతూనే ఉన్నాయి.

ఇంటి ముందు గుల్జినా భర్త గుర్రం కట్టేసి ఉంది. కొండ మీది మంద దగ్గర్నుంచి దిగి వచ్చినట్టున్నాడు. తలుపు కొడితే గుల్జినా తీసింది గాని దారివ్వలేదు. చేతిలో రొట్టె ఉంది. ఇల్లు విడిచి వెళ్లేవాళ్లను ఓ ముక్క తుంచి తినమని అక్కడ అలా చాపుతారు.

"మా ఆయన వేరే పలక బిగించాడక్కా. ఇక పొయ్యి మేమే చూసుకుంటాం. తుంచుకో."

లోపల్నుంచి సాకిన్ గొంతు వినిపించింది. "బురుల్చానా? చలిలో నిలబెట్టావేంటే, లోపలికి రమ్మను."

బురుల్చా రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంది.

గుల్జినా చప్పుడు కాకుండా తలుపు మూసింది. మూసుకుంటున్న సందులోంచి గడప లోపల ఇంటివాళ్లు లోపల తొడుక్కునే చెప్పుల వరస కనిపించింది. చివర్న బురుల్చావి, మడమలు అరిగిన ఉన్ని చెప్పులు, పొయ్యి వైపు తిరిగి ఉన్నాయి.