కొత్తకు ముందు తిన్న పప్పు

గాసి ఆ కొండ మీది ఊరికి బారికి. అంటే కబురు మోసేవాడు. పంచాయితీ ఎక్కడో, ఎవరి మేక తప్పిపోయిందో, సాయంకాలం వీధి మొదట్లో నిలబడి కేకేసి చెప్పడం అతని పని. ఆ కేకల్ని కొందరు వినేవాళ్ళు, కొందరు వినేవాళ్ళు కాదు. కొండ కింద పాచిపెంట సంత నుంచి తిరిగొచ్చి అతను చెప్పే తిండి కబుర్లకు మాత్రం చంటిపిల్లల దగ్గర్నుంచి పళ్ళూడిన ముసలాళ్ళ వరకూ చెవులు అప్పగించేవాళ్ళు. సుబ్బారావు కాఫీ హోటల్లో ఈ వారం ఉప్మా అడుగంటింది. జీళ్ళవాడు నువ్వులు తగ్గించాడు. పకోడీల ముసలమ్మ నూనె మార్చింది, ఇక నిర్భయంగా తినొచ్చు. గాసి బాగుందంటే కొండ కొండంతా దిగి ఆ కొట్టు ముందు నిలబడేది. అతను పెదవి విరిస్తే ఆ వారం అక్కడ ఈగలు తోలుకోవడమే. "తిండికి తిమ్మరాజు, పనికి పోతురాజు" అని భార్య దేముడమ్మ వెక్కిరించేది. సంత రోజున తెల్లారకుండానే "బేగి ఎల్లు, మంచియి అయిపోతాయి" అని తరిమేదీ ఆవిడే.

ఘాటురోడ్డు మీద మోటారు బస్సు కొత్తగా తిరుగుతున్న రోజులవి. పంతొమ్మిది వందల ఇరవై ఏడో ఇరవై ఎనిమిదో. ఆ బస్సులోనే సాలూరు నుంచి రత్నాలు అనే ఆవిడ ఇత్తడి గంగాళాలతో పాచిపెంటలో దిగింది. మొగుడు పోయాక మరిదిగారింట్లో వండి వండి, మాటలు పడి పడి, "ఆ వండేదేదో నా పొయ్యి మీదే వండుకుంటాను" అని బయటపడ్డ మనిషి. సంత పక్కన తాటాకుల పందిరి వేసింది. ఈ సంత గడిస్తే ఉంటుందట, గడవకపోతే మళ్ళీ ఆ మరిది గుమ్మమేనట. అసలు సంగతి వేరే ఉంది. సుబ్బారావు హోటల్లో కొండవాళ్ళు గోడ బయట నిలబడి దోసిలి పట్టాలి. రత్నాలు పందిట్లో ఎవరైనా కూర్చోవచ్చట! విస్తరాకు వేసి, అన్నం మీద పప్పు వేసి, చాలనేదాకా వడ్డిస్తుందట!

ఈ కబురు వినేసరికి ఊరు ఊరంతా ఊగిపోయింది. చింతపండూ పిప్పళ్ళూ మూటలు కట్టుకుని, సంత నాడు జనం మొత్తం బయల్దేరింది. "నువ్వు ముందెల్లి రుచి సూడ్రా గాసీ. నువ్వు సెయ్యూపితే మేవంతా వచ్చి కూకుంటాం" అన్నాడు దిసరి సోంబరు. పండగలకూ పెళ్ళిళ్ళకూ మంచి రోజు చూసి చెప్పే పెద్ద అతను. అంతకు నాలుగు రోజుల కిందట ఆ దిసరి మాటే గాసి వీధిలో కేక వేశాడు కూడా: జాకరమ్మకు మామిడి కొత్త పెట్టేదాకా ఎవరూ మామిడి పిందె నోట పెట్టకూడదహో అని. కొండ మీద ఏ పంటైనా అంతే. కొత్తగా వచ్చినదాన్ని ముందు అమ్మవారికి పెట్టాలి, ఆ తర్వాతే మనుషులు తినాలి. ఈలోగా ఒక్క ముక్క కొరికినా ఆ పాపం ఊరందరికీ తగులుతుంది.

గాసి కొండవాగు దిగినట్టు దిగాడు. పందిరి దగ్గరకు వచ్చేసరికి వెల్లుల్లి తాలింపు వాసన ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది. రత్నాలు అతన్ని ఎగాదిగా చూసింది.

"నువ్వేనేటి గాసివి? నీ నోటికి మంచిదైతే నా కొట్టు మంచిదంటన్నారు అందరూను. కూకో బావూ."

కూకో! లోపల! గాసికి ఆ మాటకే సగం కడుపు నిండిపోయింది. అడ్డాకు విస్తరిలో పొగలు కక్కే అన్నం, దాని మీద పసుపుపచ్చటి కందిపప్పు, ఎండుమిరపకాయ, పైన చెంచాడు నెయ్యి. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అబ్బ! కారం నాలుక మీదికొచ్చింది, దాని వెనకే పులుపు వచ్చి దవడలు రెండూ పట్టుకుంది. చింతపండు పులుపు కాదిది. ఏదో పచ్చగా, చురుగ్గా, నాలుక మీద ఎగిరి గంతేసే పులుపు. కొండ మీద పప్పు ఉలవపప్పో జొన్నల్లో కలిపిందో. ఇలా మెత్తగా మెదిపి ఏం కలిపారో ఎవరికి తెలుస్తుంది? రెండో ముద్ద, మూడో ముద్ద. గాసి ఆనందానికి కళ్ళు మూసుకున్నాడు. ఊళ్ళో ఈ రుచిని ఎలా చెప్పాలా అని లోపల్లోపల మాటలు పేర్చుకున్నాడు కూడా.

నాలుగో ముద్దలో పంటికింద ఏదో మెత్తగా తగిలింది. తీసి చూసుకున్నాడు. లేత మామిడి టెంక.

మింగలేక కక్కలేక అనే మాట అతను వందసార్లు అనుంటాడు గానీ, దాని అర్థం ఆ పూటే తెలిసింది.

"బాగోలేదేటి?" అంది రత్నాలు కంగారుగా. "కింద తోటలోయి, పొద్దున్న కోసిన పిందెలు. మొదటి రోజు కదాని మామిడికాయ పప్పే సేసినాను, మీకందరికీ ఇష్టమని."

పాపం, ఆవిడకేం తెలుసు? పల్లంలో చెట్టుకు పిందె కనిపిస్తే పప్పులో వేసుకోవడమే. గాసి రోడ్డు వైపు చూశాడు. దుమ్ము లేచింది. ఊరంతా వస్తోంది. ముందు దిసరి, వెనక ఆడవాళ్ళు, వాళ్ళలో దేముడమ్మ. అందరి కళ్ళూ అతని చెయ్యి వైపే. ఊరుకుంటే అతను తిన్న సంగతి ఎవరికీ తెలియదు. కానీ వాళ్ళూ వచ్చి కూర్చుంటారు, తింటారు, అమ్మవారికి పెట్టకుండా ఊరంతా ఎంగిలి పడుతుంది. ఆపితే, నీకెలా తెలిసిందిరా అని అడుగుతారు. పైగా రత్నాలు కొట్టు మొదటి రోజే మూతబడుతుంది.

గాసి విస్తరి దాటి బయటికి దూకాడు. ఊళ్ళో వేసే కేకే సంతలో వేశాడు.

"ఆగండర్రోయ్! అందులో మావిడుంది! నాను తినీసినాను! మీరు తినకండర్రోయ్!"

పకోడీల ముసలమ్మ మూకుడులో గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. గాసి వెనకాల రత్నాలు మరో గరిటె పట్టుకుని వచ్చింది.

"ఏటి సేత్తన్నావయ్యా నువ్వు? నా కొట్టు మీద మన్ను పోత్తన్నావా? ఆ సుబ్బారావు పంపించినాడా నిన్ను?"

గాసి ఆవిడ కాళ్ళ ముందు కూలబడ్డాడు. కొత్త పండగ సంగతి అంతా చెప్పాడు. చెబుతూ ఏడ్చాడు. ఆవిడ పప్పులో తప్పు లేదని, తన నాలుకదే తప్పని, అంత మంచి పప్పు పుట్టి బుద్ధెరిగాక తినలేదని చెప్పాడు. రత్నాలు గరిటె దించింది. గంగాళం నిండా ఉన్న పప్పు వైపు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

దిసరి అక్కడికక్కడే తీర్పు చెప్పాడు. జాకరమ్మకు గాసి ఒక కోడిపుంజును ఇవ్వాలి. కొత్త పండగ అయిపోయినా సరే, ఈ ఏడంతా అతను మామిడి ముట్టకూడదు. దేముడమ్మ నెత్తి కొట్టుకుంది. "ఆడి నాలికే ఆడికి శత్రువు. పోనీలే, సెప్పీసినాడు. సెప్పకుంటే ఇంట్లోకి రానిద్దునా?" అంది. జనం వచ్చినవాళ్ళు వచ్చినట్టే ఆకలితో వెనుదిరిగారు. రత్నాలు పప్పు బళ్ళవాళ్ళు కొంత తిన్నారు, మిగతాది మట్టిపాలైంది.

ఆ వారం గాసి నోరు మెదపలేదు. ఏం లాభం? అతను చెప్పనక్కర్లేకుండానే కబురు కొండలన్నీ ఎక్కింది. బారికి గాసి, కొత్త గురించి స్వయంగా కేకేసిన గాసి, అమ్మవారినే మరిచిపోయేంత పప్పట! టెంక తగిలేదాకా ఒళ్ళు తెలియలేదట! పైనున్న ఊళ్ళవాళ్ళు పనిమాలా వచ్చి దేముడమ్మను అడిగారు, నిజమేనా అని. "కోడి పోనాది, అంతకన్నా నిజవేటి?" అంది ఆవిడ. కొత్త ఎప్పుడని దిసరిని రోజూ ఎవరో ఒకరు వేధించేవాళ్ళే. కొత్త దగ్గర పడుతోంది, ఇంకొక్క సంత ఓపిక పట్టమని రత్నాలుకు గాసి కబురంపాడు. ఆవిడ చారూ అన్నం వండుకుంటూ పళ్ళ బిగువున ఉండిపోయింది.

కొత్త అయింది. అమ్మవారు మామిడి తిన్నది, ఊరు తిన్నది. ఆ మర్నాటి సంతకు పాచిపెంటలో అంత జనాన్ని ఎవరూ చూసి ఎరగరు. పందిరి చాలక రోడ్డు మీద విస్తళ్ళు వేశారు. దిసరి మూడోసారి పప్పు వేయించుకున్నాడు. సుబ్బారావు తన హోటలు గుమ్మంలో నిలబడి, ఇవాళ కొండవాళ్ళు లోపలికే వచ్చి కూర్చోవచ్చని చెబుతున్నాడు గానీ, వినేవాడు లేడు.

గాసి పందిరి రాట దగ్గర నిలబడి వాసన పీలుస్తున్నాడు. అందరి ముఖాలూ చూసి అతని గుండె పొంగుతోంది, అతని కడుపు మాత్రం ఏడుస్తోంది. రత్నాలు అతన్ని చెయ్యి పట్టి లోపలికి తీసుకెళ్ళి, పొయ్యి పక్కన కూర్చోబెట్టింది. చిన్న ముంత ఒకటి తీసి, అతని ముందు విస్తరి వేసి వడ్డించింది.

"నీకని వేరేగా వండినాను. సింతసిగురు. దీనికి కొత్తేటీ లేదని మీ దిసరినడిగే వండినాను, బెంగెట్టుకోకు."

గాసి ఒక ముద్ద తిన్నాడు. ఇన్నేళ్ళుగా లోకానికి ఎక్కడ ఏం తినాలో చెబుతూ వచ్చాడు. అతనొక్కడి కోసం వేరే ముంత పెట్టి వండినవాళ్ళు ఒక్కరూ లేరు. కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి.

అది చూసి పందిట్లో చేతులన్నీ విస్తళ్ళ మీదే నిలిచిపోయాయి. "ఎలగుందిరా?" అని అరిచాడు దిసరి.

గాసి విస్తరిని ఒళ్ళోకి లాక్కుని రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడు.

"సెప్పను. పొండి. ఇది నాది."

దేముడమ్మ మాత్రం అడక్కుండానే ఆ విస్తట్లో చెయ్యి పెట్టింది.