రంగు పోయిన మట్టి

సూరత్‌లో పుట్టమన్ను దొరకదు. అక్కడి అమ్రోలి పేటలో మగ్గాల మీద బతికే తెలంగాణ కుటుంబాల ఆడపిల్లలకు ఆ మట్టితో బొడ్డెమ్మ తల్లిని వేసి, తొమ్మిది రోజులు చుట్టూ ఆడి, నీళ్లల్లో సాగనంపే పండగొస్తే ఇదే తిప్పలు. ఆ ఏడు దేవదాస్ దారి చూపాడు. ఖాడీ వాగు ఒడ్డున మూసేసిన తన రంగుల కార్ఖానా వెనక గుంటలో మెత్తటి బంకమట్టి ఉంది. ఒకప్పుడు కార్ఖానా రంగునీళ్లు పారి ఎర్రగా, నీలంగా ఉండేది. ఇప్పుడు వట్టి బూడిద రంగు. రంగు వెలిసిన బట్టను బజారులో ఎవడూ ముట్టడు. రంగు పోతే సరుకు పోయినట్టే. రంగుతో పాటే అందులోని మందూ పోయిందని మట్టికీ ఆయన అదే లెక్క కట్టాడు.

భార్య భూదేవి బుట్టతో తెచ్చింది. మనవరాలు రుచిత మోచేతుల దాకా పూసుకుని మెట్లు మెట్లుగా బొడ్డెమ్మను పేర్చింది.

కార్ఖానా జాగా కొంటానన్న సేఠ్ మట్టి పరీక్ష అడిగాడు. దేవదాస్ అదే మట్టిని డబ్బాలో పోసి, కిమ్ ఊళ్లో ల్యాబ్‌లో పని చేసే పక్కింటి ఉమాకాంత్‌కు ఇచ్చాడు. పిల్లలు బొడ్డెమ్మ చుట్టూ ఆడుతున్న సాయంత్రం అతను వచ్చాడు.

"ఏమిరా, నా మట్టి పాసైందా?"

"ఫెయిలైంది కాకా."

"రంగే లేదు గదరా దాంట్ల!"

"రంగు పోయింది, విషం పోలే. గాలి తగలని బురదల క్రిములు రంగును ముక్కలు చేస్తయ్. గా ముక్కలకు రంగుండది, మట్టికి అంటుకుంటయ్. మట్టిని మందుల నానబెట్టి, గాజు పలక మీద పాకించి, ఇంకో మందు కొడితే గా ముక్కలే పసుపు మచ్చలై తేలినయ్. రంగుకన్నా గవే ఖతర్నాక్."

దేవదాస్ వాకిట్లోకి చూశాడు. రుచిత మట్టి చేత్తోనే సత్తుపిండి తింటోంది.

గల్లీలో ఒకరి చెవిన పడితే రేపటికల్లా సేఠ్ దాకా పోతుంది. జాగా బేరం చెడుతుంది. ఆ లెక్క తెగేలోపే రుచిత ఇంకో ముద్ద చేసింది.

"తినకు!" ఒక్క అరుపు అరిచాడు. "అందరు చేతులు కడుగుండ్రి. గీ మట్టి నా కార్ఖానాది. విషముంది."

ఆట ఆగింది. భూదేవి కొంగు దోపుకుని వచ్చింది.

"నువ్వే గద మంచిదంటివి? తొమ్మిదొద్దులు గాకముందే తల్లిని లేపుతవా?"

"లేపాలె."

"లేపి ఏడ సాగనంపుతవయ్యా? మల్ల ఖాడీలనేనా?"

దేవదాస్ కార్ఖానాకు పోయాడు. అక్కడ మిగిలిన ఖాళీ రంగు డ్రమ్ము తెచ్చి, పూలు తీసి, బొడ్డెమ్మను అందులో దింపి మూత బిగించాడు.

"దాదా, అమ్మకు గాలాడదు గద?" అంది రుచిత.

ఆయన ఆమె చేతులను సబ్బుతో మళ్లీ మళ్లీ తోమాడు. తర్వాత దీపం దగ్గరికి లాగి ఒక్కొక్క గోరూ చూశాడు. ఎక్కడా రంగు కనపడలేదు. దానికే ఆయనకు భయం వేసింది.