పదిహేడో క్లిప్

ఎమర్జెన్సీ వార్డులో పన్నెండేళ్లు నర్సుగా పనిచేశాక, మంచం పక్కనే గుండె స్కానింగు చేయడం ఆన్‌లైన్లో నేర్చుకోమన్నారు. ఛాతీకి ఆనిస్తే గుండె బొమ్మను ఫోనులో చూపించే చిన్న ప్రోబ్ ఒకటి ఇంటికి పంపారు. ఇరవై ఐదు గుండెల వీడియోలు తీసి పంపాలట. ముందు ఇంట్లోవాళ్ల మీద, ఇరుగుపొరుగు మీద చెయ్యి కుదుర్చుకోమన్నారు.

పదిహేడో గుండె మా మావయ్యది. లారీ నడిపి రిటైరైన మనిషి.

"నాది రాతిగుండె అంటుంది మీ అత్తయ్య. ఆ సంగతేదో తేల్చమ్మా" అంటూ చొక్కా విప్పి సోఫాలో పడుకున్నారు. ఈమధ్య నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతున్నారు. పొట్ట తగ్గించుకోమని అందరం ఆటపట్టించేవాళ్లం.

గుండె తెర మధ్యలోకి రావడానికి పావుగంట పట్టింది. దాని చుట్టూ నల్లటి పట్టీ కనబడింది. కనబడలేదని అబద్ధమాడను. కానీ ఆ మూడో వారం పాఠం బొమ్మ పట్టడం వరకే, చదవడం ఆరో వారంలో. నేను ప్రోబ్ పట్టిన వాలు తప్పిందేమో, మార్కులు పోతాయేమో అనుకున్నాను. నా బెంగంతా అదే.

"ఎలా ఉందమ్మా?"

"బ్రహ్మాండంగా ఉంది మావయ్యా. కదలకండి."

ఫారంలో గుండె ఎవరిదో, పంపిందెవరో పేర్లు రాయకూడదు. పదిహేడు, నార్మల్ అని రాసి పంపాను. మూడు వారాల్లో దిద్ది పంపుతామని జవాబొచ్చింది.

పదహారో రోజు పొద్దున మావయ్య బాత్రూం గుమ్మంలో కూలిపోయారు. మా వార్డుకు చేర్చేసరికే అంతా అయిపోయింది. గుండెపోటన్నారు. నేనూ నమ్మాను.

ఆరు రోజులకు లైవ్ క్లాసు. మానేస్తే సర్టిఫికెట్ పోతుందని అత్తయ్యే నన్ను ఫోన్ ముందు కూర్చోబెట్టి, టీ తెచ్చి పక్కనే నిలబడింది.

"మీలో ఒకరు పంపిన పదిహేడో క్లిప్ ఇది" అన్నారు ఎక్కడో దూరాన ఉన్న సారు. "ఎంత చక్కగా పట్టారో చూడండి. ఈ నలుపంతా నీళ్లు. గుండెను నొక్కేస్తున్నాయి. ఆ రోజే సూదితో తీసేస్తే మనిషి లేచి కూర్చుంటాడు. నార్మల్ అని రాసిందెవరు?"

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. అత్తయ్యకు కూడా.

మైకు ఆన్ చేశాను. "నేనే సార్. ఆ గుండె మా మావయ్యది. పోయి ఆరు రోజులైంది."

సారు గొంతు సవరించుకుని, "సరే, ఇంకో క్లిప్ చూద్దాం" అన్నారు.

అత్తయ్య నన్ను చూడలేదు. తెర మీద కొట్టుకుంటున్న గుండెనే చూస్తోంది.

"మార్చొద్దనమ్మా" అంది. "ఆయన్ని ఇంకాసేపు ఉంచమను."