తొట్లె కట్టకముందు పాట

మా పెద్ద డాక్టరమ్మ హైదరాబాద్‌లో ఏదైనా మీటింగుకు వెళ్లి వచ్చిందంటే నాకు గుబులు. వట్టి చేతులతో రాదు. ఒకసారి నిండు గర్భిణులు కూర్చుని ఊగాలని పెద్ద రబ్బరు బంతి తెచ్చింది. పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్లు దాన్ని చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు గానీ ఒక్కరూ ఎక్కలేదు. అదిప్పుడు గాలి పోయి సామాన్ల గదిలో పడి ఉంది. మొన్న చలికాలంలో కళ్లకు కట్టుకునే నల్లటి డబ్బా ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"వినోదా, ఇది వీఆర్. కండ్లకు పెట్టుకుంటె అడవిల ఉన్నట్టుంటది, సముద్రం కాడ ఉన్నట్టుంటది. చెవులల్ల సంగీతం వస్తది. టెస్టుకు భయపడేటోళ్లకు పెట్టు."

సరే మేడం అన్నాను. లోపల మాత్రం నాకు మండింది. బీపీ చూసే పట్టీ పట్టుకోవడం లేదని నేను మొత్తుకోబట్టి నెల అయింది. పట్టీ రాలేదు గానీ ఆదిలాబాద్‌కు సముద్రం వచ్చింది.

నా గది చిన్నది. ఒక మంచం, ఒక మిషన్, ఒక కిటికీ. తొమ్మిదో నెల పడ్డవాళ్ల పొట్టకు రెండు బెల్టులు కట్టి, లోపలి బిడ్డ గుండె చప్పుడు పట్టి, అది కాగితం మీద గీతగా వచ్చేదాకా చూడటం నా పని. సూది లేదు, నొప్పి లేదు. అరగంట నిమ్మళంగా పడుకుంటే చాలు. కానీ ఆ నిమ్మళమే ఎవరి దగ్గరా ఉండదు.

సృజన దగ్గర అసలే లేదు. మొదటిసారి వచ్చిన రోజు నేను బెల్టు కడుతుండగానే లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా బయటకు నడిచింది. నాకు కోపం ఆగదు. వెనకాలే వెళ్లి నాలుగు మాటలు అన్నాను. ఆ తర్వాతే తెలిసింది, రెండేళ్ల కింద వేరే ఊరి ఆసుపత్రిలో, ఇలాంటి మంచం మీదే, ఎనిమిదో నెలలో బిడ్డ పోయిందని. అన్న మాటలు వెనక్కి తీసుకోలేను కదా. చెప్పులు తీసుకెళ్లి ఆటోలో ఆమె కాళ్ల దగ్గర పెట్టి వచ్చాను.

రెండోసారి అత్త తీసుకొచ్చింది. అత్త పేరు తారాబాయి. ఆమె గొంతు గేటు దగ్గర మొదలైతే నా గదిలో కిటికీ రెక్క కదులుతుంది. జిన్నింగు మిల్లులో పత్తి మిషన్ల మధ్య అరిచి అరిచి మాట్లాడిన గొంతు, బయటకు వచ్చినా తగ్గడం నేర్చుకోలేదు. వాచ్‌మన్‌తో, చీటీ రాసే పిల్లతో, పక్క బెంచీ మీది ముసలమ్మతో అందరితోనూ మాట్లాడింది. కోడలితో మాత్రం "కూసో", "లే" తప్ప ఇంకో మాట లేదు. అత్తాకోడళ్ల సంగతి కొత్తదా ఏంటి అనుకుని ఊరుకున్నాను.

బీపీ చూస్తే బాగా ఎక్కువ ఉంది. డాక్టరమ్మ వచ్చి చూసి, నన్ను పక్కకు పిలిచింది.

"భయంతోని పెరిగిందా, నిజంగనె పెరిగిందా తెల్వాలె. ఇట్లనే ఉండి, గీత గూడ సక్కగ రాకపోతె రేపే ఆపరేషన్ చెయ్యాలె. బిడ్డ జర తక్కువ బరువుంది. రెండు వారాలన్న లోపలుంటె మంచిది. నిమ్మలం చేసి పెట్టు, నేను వార్డు చూసి వస్త."

ఆ మాట సృజన వినకూడదని గొంతు తగ్గించింది. కానీ సృజన విన్నది. ఆమె చెవులు ఎంత పదునో నాకు కాసేపట్లోనే అర్థమైంది.

"ఇప్పుడే తీస్తరా సిస్టర్? గింత చిన్నగున్నప్పుడే?"

"ఎవ్వలు తియ్యరు. నువ్వు జర పండుకో. నీకు అడవి చూపెడ్త," అని డబ్బా తీశాను.

బెల్టులు కట్టి గుండె చప్పుడు పట్టుకున్నాను. దడదడమని గది నిండింది. కళ్లకు డబ్బా పెట్టి, చెవులు మూశాను. అందులో పెద్ద పెద్ద చెట్లు, సన్నని వాన, పిల్లనగ్రోవి. కాసేపటికి ఆమె పిడికిళ్లు విచ్చుకున్నాయి. పరవాలేదు, మా మేడం ఈసారి పనికొచ్చేదే తెచ్చిందని మనసులో ఒప్పుకున్నాను. ఒప్పుకుని, ఎప్పటిలాగే చెయ్యి చాపి మిషన్ చప్పుడు తగ్గించేశాను.

అది నా అలవాటు. బిడ్డ కాస్త పక్కకు జరిగినా చప్పుడు తడబడుతుంది, తల్లి అదిరిపడుతుంది. ఎందుకొచ్చిన గొడవ అని తగ్గించి పెడతాం. నేనే కాదు, ఈ పని చేసేవాళ్లలో చాలామంది అంతే.

సృజన ఒక్క ఉదుటున డబ్బా పీకేసింది. ముఖంలో రక్తం లేదు.

"సప్పుడు ఎందుకు బంద్ చేసినవ్?"

"ఏం కాలేదమ్మా, ఉన్నది. ఇగో," అని పెంచాను. దడదడ మళ్లీ గది నిండింది. ఆమె విన్నది. విన్నా డబ్బా మళ్లీ పెట్టుకోలేదు. పిల్లనగ్రోవి కింద నుంచి ఆ చప్పుడునే పట్టుకుని పడుకున్నదని నాకేం తెలుసు?

"పోయినసారి గూడ గిట్లనే," అంది. "ఆ దవాఖాన్ల సిస్టర్ ముందుగాల సప్పుడు తగ్గించింది. అటెన్క బంద్ చేసింది. డాక్టరమ్మ వస్తదమ్మా అని చెప్పి పోయింది. నాతోని ఎవ్వలు ఏం చెప్పలే సిస్టర్. సప్పుడు బందైనప్పుడే నాకు తెలిసింది."

నాకు ఏడుపొచ్చింది, ఏడవడం నా డ్యూటీలో లేదు కాబట్టి దగ్గాను. తర్వాత మంచం అంచున కూర్చుని, "అయితె ఒక పని చేద్దాం. ఒక చెవి అడవికి, ఒక చెవి నీ బిడ్డకు," అన్నాను. ఎడమ చెవి మీది మూత వెనక్కి జరిపి, మిషన్ చప్పుడు పెద్దగా పెట్టాను. ఆ మాటకు ఆమె మొదటిసారి కొంచెం నవ్వింది.

డబ్బా కింద కళ్లు కనబడనప్పుడు మనుషులు తేలిగ్గా మాట్లాడతారు. ఆమె మెల్లగా చెప్పుకుంటూ పోయింది. పుట్టిల్లు బెల్లంపల్లి. తండ్రి పోశం బొగ్గు బాయిలో పని. తల్లి, సృజన పాలు మరవకముందే పోయింది. తండ్రికి ఎక్కువగా రాత్రి షిఫ్టు, పగలంతా నిద్ర. కంపెనీ క్వార్టర్‌లో ఆ పిల్ల గిన్నె కూడా చప్పుడు కాకుండా కడగడం నేర్చుకుని పెరిగింది.

"సిన్నప్పుడు ఇంట్ల సప్పుడు లేకపోతె బాపు పండుకున్నడని నిమ్మలంగుండేది. ఇప్పుడు సప్పుడు లేకపోతె పాణం పోతది."

"మరి మీ అత్తగారింట్ల సప్పుడుకేం తక్కువ?" అన్నాను.

"అత్తమ్మ గొంతు ఇనే ఈ సంబంధానికి ఒప్పుకున్న," అంది. "పెండ్లిచూపులకు వస్తే మా లైన్ల ఉన్నోళ్లందరికి ఇనవడ్డది. పాటలు గూడ మస్తు పాడేది. బిడ్డ పోయినంక పాట బంద్ చేసింది. నాతోని మాట గూడ బంద్ చేసినట్టే. నా మీద కోపమున్నట్టుంది. ఉంటది గదా."

బీపీ మళ్లీ చూశాను. కాస్త దిగింది, చాలదు. పైగా లోపలి బిడ్డ నిద్రలో ఉంది. గీత బల్లపరుపుగా పోతోంది. బిడ్డ కదిలి, గుండె కాస్త పరుగెత్తి మళ్లీ కుదుటపడితేనే మాకు కావలసిన గీత. డాక్టరమ్మ వచ్చేవేళ దగ్గరపడుతోంది.

ఇంకో సిస్టర్‌ను మిషన్ దగ్గర కాపలా ఉంచి బయటకు వెళ్లాను. తారాబాయి బెంచీ మీద కొంగు నిండా కప్పుకుని కూర్చుంది. నా కోపం నాకుంది కదా, నేరుగానే అడిగేశాను.

"కోడలితోని మాట్లాడవేందవ్వా? ఒక పాట పాడితె నీ సొమ్మేం పోతది? లోపల నీ పాట కోసం మొకం వాసి ఉన్నది."

ఆమె అటూ ఇటూ చూసి, నా చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ గొంతు గుసగుసలాడగలదని నేను అనుకోలేదు.

"మా ఇంట్ల తొట్లె కట్టకముందు జోలపాట పాడొద్దు బిడ్డా. అంగి కుట్టియ్యొద్దు, పేరనుకోవద్దు. బిడ్డ పుట్టి ఇరవై ఒక్క దినం అయినంకనే పాట. పోయినసారి నా నోరు ఊకోలే. సంబురం పట్టలేక ఎనిమిదో నెలలనే తొట్లెకు చీర తీసి పెట్టిన, దాని పొట్ట మీద చెయ్యేసి పాడిన. వారం తిరగలే."

"పాట పాడితె ఎవ్వలు పోరు అవ్వా."

"నీకు తెలుసు. నాకు గూడ తెలుసు. నా పాణానికి తెల్వది. దాన్ని చూస్తె నోట్లెకెల్లి ఏమొస్తదో అని భయమైతది. అందుకే మాట్లాడ."

"అది నీకు కోపమనుకుంటుంది."

తారాబాయి నా చెయ్యి వదిలేసింది. "నాకా? దాని మీదనా?" అని మాత్రం అంది. నేను లేచి లోపలికి వచ్చాను. తలుపు మాత్రం వెయ్యలేదు.

కాసేపటికి గడప దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది. తారాబాయి వచ్చి మంచం తలాపున నిలబడి, "గిదేంది, దాని మొకమే కనవడ్తలేదు," అని తన మామూలు గొంతుతో అంది. నేను వేలు పెదవుల మీద పెట్టాను. సృజన ఉలిక్కిపడి, "అత్తమ్మా," అంది. తారాబాయి కోడలి నుదుటి మీది వెంట్రుకలు సవరించింది. తర్వాత పొట్ట వైపు వంగి, చాలా గంభీరంగా చెప్పింది.

"నువ్వు ఇనకు. నీకు గాదు."

అప్పుడు తల తిప్పి, సృజన తెరిచి ఉన్న చెవి దగ్గర నోరు పెట్టింది.

"నీకు పాడుత బాళా, నా బిడ్డా. నీకు తొట్లెల పాడేటందుకు మీ అవ్వ లేకపాయె. నువ్వు పుట్టి ఇన్నేండ్లాయె, నీకైతె ఏ అడ్డం లేదు."

మిల్లులో పెరిగిన ఆ గొంతు అంత సన్నగా ఎలా అయిందో నాకిప్పటికీ తెలియదు.

"జో జో సృజనమ్మ, జో నా బంగారమ్మ,
పత్తి ఏరి పరుపేస్తి, పండుకోవమ్మ.
బాయి పనికి మీ బాపు పోయిండు గాని
తెల్లారి వస్తడే, కండ్లు మూయమ్మ."

ఎవరికి పాడితే వాళ్ల పేరు పెట్టి, వాళ్లింటి సంగతి పెట్టి పాడే పాట అది. డబ్బా అంచు కింద నుంచి సృజన కన్నీళ్లు కారి చెవిలోకి పోతుంటే తారాబాయి కొంగుతో ఒత్తుతూ పాడింది. రెండో చరణానికి సృజన ఊపిరి పెద్దదైంది. మూడో చరణానికి అత్త చెయ్యి పట్టుకున్న వేళ్లు వదులయ్యాయి. పెళ్లయి, ఒక బిడ్డను పోగొట్టుకుని, ఇంకో బిడ్డను మోస్తున్న ఆ పిల్ల నోరు కొంచెం తెరిచి నిద్రపోయింది.

సరిగ్గా అప్పుడు పొట్ట ఒక పక్క ఎత్తుగా లేచింది. మిషన్ చప్పుడు పరుగందుకుంది. కాగితం మీది గీత పైకి ఎక్కి, కాసేపు అక్కడ నిలబడి, మెల్లగా దిగింది. మళ్లీ ఒకసారి లేచింది. అలాంటి గీత కోసమే మేం అరగంటలు కూర్చుంటాం. తారాబాయి పాట ఆపి భయంగా నా వైపు చూసింది.

"మంచిదే అవ్వా. ఆడుతుంది," అన్నాను. "నీకు గాదన్నా ఇన్నది."

"దీనికి మా పెనిమిటి చెవులొచ్చినట్టున్నయి. నే ఇనొద్దన్నదే తప్పకుంట ఇంటడు," అంది.

డాక్టరమ్మ తలుపు దగ్గరకు వచ్చి ఏదో అనబోతే, నా ఉద్యోగంలో మొదటిసారి ఆమెకు కూడా వేలు చూపించి ఆపాను. ఆమె కాగితం చేతిలోకి తీసుకుని చూసింది. నేను నిద్ర చెడకుండా బీపీ చూశాను. చాలా దిగింది.

"రెండు వారాలు ఆగుదాం. రోజు ఇడిచి రోజు వచ్చి చూపించుకోవాలె," అంది మెల్లగా. నా వైపు తిరిగి, "చూసినవా, డబ్బా ఎట్ల పనిచేసిందో," అంది. అవును మేడం అన్నాను.

లేచాక సృజనను అడిగాను, అడవి ఎట్లుందని.

"అడవి ఎప్పుడో బంద్ అయింది సిస్టర్. ఛార్జింగ్ అయిపోయినట్టుంది. చీకట్లనే ఉన్న. మంచిగనిపించింది."

ఈ సంగతి నేను డాక్టరమ్మకు చెప్పలేదు. డబ్బా మంచిదే, నేనిప్పుడు దాన్ని చాలామందికి పెడుతున్నాను. కాకపోతే ఒక చెవి వదిలి పెడతాను. మిషన్ చప్పుడు తగ్గించడానికి నా చెయ్యి పోదు.

సృజనకు ఆడపిల్ల పుట్టింది. మా మేడం ఎప్పుడనుకుందో అప్పుడే, అనుకున్నంత బరువుతోనే. ఇరవై ఒకటో దినం తొట్లెకు నన్ను పిలిచారు. మిల్లు వెనకాల ఇల్లు. దూలానికి పాత చీరతో తొట్లె కట్టి, బిడ్డను పడుకోబెట్టారు. సృజన కింద కూర్చుని తాడు పట్టుకుంది. బెల్లంపల్లి నుంచి వచ్చిన పోశం గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అందరూ తారాబాయి వైపు చూశారు. ఆమె గొంతు సవరించుకుని ఎత్తుకుంది.

"జో జో సృజనమ్మ, జో నా బంగారమ్మ..."

ఆడవాళ్లు ముఖాలు చూసుకున్నారు. "బిడ్డ పేరు పెట్టి పాడవేందక్కా," అని ఎవరో అందించారు.

"ఆగుండ్రి," అంది తారాబాయి, వీధంతా వినపడేలా. "పెద్దదానికి పాడినంక చిన్నదానికి పాడుత."

పోశం తల దించుకున్నాడు. సృజన తాడు వదలకుండానే కళ్లు మూసుకుంది.